వరుస మొదట్లోని ఖాళీ

పోయిన ఆదివారం పులివెందుల నుంచి మా చెల్లెలి మనవరాలు వచ్చి, నా కొత్త ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్‌ను పెట్టి ఇచ్చింది. ఆ పిల్ల అక్కడ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. నాకు అరవై తొమ్మిది నిండినా, పెన్నలో నీళ్లు పారిన రోజుల పట్టిక వేసే చిన్న ప్రోగ్రామొకటి ఇంకా నేనే రాసుకుంటూ నేనే దిద్దుకుంటూ ఉంటాను కనుక నాకు ఎడిటర్ లేనిదే గడవదు. పని పదకొండు నిమిషాల్లో ముగిసింది. గడియారం చూసే చెబుతున్నాను. తెర ఏ రంగులో ఉండాలని ఒక్క మాట అడిగి, తక్కినవాటన్నిటికీ చదవకుండానే సరేనని నొక్కుకుంటూ పోయింది. వాటిలో ఒకటి, ఫైలు దాచిన ప్రతిసారీ అనవసరమైన ఖాళీలను దానంతటదే తీసేసే ఏర్పాటు. నేను చప్పున ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపాను. ఏమైందవ్వా అని అడిగితే, అదొక్కటి వద్దులే అని మాత్రం అన్నాను. టైపు మిషన్ల మీద పని నేర్చుకుని కంప్యూటర్లకు మారిన నా వయసు వాళ్లకైతే చెప్పుకోవచ్చుననిపించి ఇది రాస్తున్నాను.

నా ముప్పై ఒకటో ఏట మా చిన్నమామ ప్రొద్దుటూరులో ఒక బట్టల దుకాణం పైన రెండు గదులు తీసుకుని కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. ఉన్నది ఒకే కంప్యూటర్, పనిచేసేది ఇద్దరం ఆడవాళ్లం. ప్రోగ్రాములు రాయడం నా పని, కాగితాల మీది వివరాలు అందులోకి ఎక్కించడం ఆపా పని. ఆపా అంటే ఉర్దూలో అక్క, ఆమెను నేను అలాగే పిలిచేదాన్ని; నాకంటే ఐదేళ్లు పెద్ద, భర్త కువైట్‌లో ఉండేవాడు, తల్లీ చెల్లెలూ జమ్మలమడుగులో ఉండేవాళ్లు. పొద్దున్నుంచి ఒంటిగంట దాకా కంప్యూటర్ నాది, ఆ తర్వాత ఆమెది. ఎడిటర్ మాత్రం ఇద్దరికీ ఒకటే. దాన్ని మనకు తగినట్టు మలచుకోవడానికి ఒక సెట్టింగుల ఫైలు ఉండేది. ఏ మీట నొక్కితే ఏం జరగాలో అందులో వరుసకొకటి చొప్పున రాసిపెడితే, ఎడిటర్ తెరుచుకునేటప్పుడు ముందుగా దాన్ని చదువుకుని ఆ ప్రకారం నడుచుకునేది. మొదలుపెట్టినప్పుడు ఆ ఫైలులో ఆరు వరుసలు, ఏడాది తిరిగేసరికి ఎనభై నాలుగు.

ఆపా టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చిన మనిషి కావడంతో వరుస చివరికి చేరుతుంటే గంట మోగనిదే ఆమెకు చెయ్యి ఆడేది కాదు. డెబ్బై రెండో అక్షరం దగ్గర కంప్యూటర్ కూత పెట్టేటట్టు నేను మూడు రోజులు కుస్తీపట్టి ఏర్పాటు చేస్తే, మరునాడు నాకోసం ఎర్రకారం దోశెలు పొట్లం కట్టుకొచ్చింది. అయితే నాకొక చెడ్డ అలవాటు ఉండేది. పొద్దున నాకు తోచిన మార్పులు చేసేసి, మధ్యాహ్నం ఆమెకు చెప్పకుండానే లేచిపోయేదాన్ని.

"నిన్న ఈడుండిన మీట ఈ పొద్దు యాడికి పాయ అమ్మీ? మా అత్త ఇంట్లో చెంబు గూడా ఇన్నితూర్లు తావు మారల్యా" అని ఆమె దెప్పేది, నేను నవ్వి ఊరుకునేదాన్ని.

ఆ చలికాలంలో జమ్మలమడుగులోని ఒక కాలేజీ వాళ్లు పరీక్షకు కూర్చునే పిల్లల జాబితా తయారుచేసే పని మాకిచ్చారు. రెండువందల ముప్పై ఆరుగురు పిల్లలు, ఒక్కొక్కరికి ఒక వరుస. మొదటి పదిహేను గళ్లు ఇంటిపేరుకు, తర్వాతి ఇరవై ఐదు పిల్లల పేరుకు, ఆ తర్వాత అంకెలు. వరుస మొదట్లో పొరపాటున ఒక్క ఖాళీ పడ్డా మిగిలినవన్నీ ఒక గడి పక్కకు జరిగిపోతాయి. అందుకని ఫైలు దాచగానే ప్రతి వరుస మొదట్లోని ఖాళీలను తీసేయమని సెట్టింగుల్లో ఒక వరుస చేర్చాను. ఇరవై పేర్లు కొట్టి పరీక్షించి చూశాను, చక్కగా పనిచేసింది. ఆ ఇరవై పేర్లూ మా చుట్టాలవే.

గురువారం సాయంత్రం ఐదు లోపల జాబితా కాలేజీ గుమాస్తా చేతికి అందాలి, మర్నాడు పొద్దున ఆయన దాన్ని కడపకు తీసుకుపోతాడు. అందులో పేరు లేనివాళ్లకు హాల్‌టికెట్టు రాదు. ఆపా చెల్లెలు కూడా ఆ పరీక్షకే కూర్చుంటోంది. ఈసారి రాయకపోతే చదువు మాన్పించి, సింహాద్రిపురం సంబంధం ఖాయం చేస్తానని తల్లి ముందే చెప్పేసింది. గురువారం ఒంటిగంటన్నరకు, నేను అచ్చువేసి పెట్టిన జాబితాను ఆపా ముమ్మారు తిరగేసి, తన చెల్లెలి పేరు లేదంది. తల ఎత్తకుండానే నేను, మొత్తం రెండువందల ముప్పై ఆరు, లెక్కపెట్టాను, మళ్లీ చూడమన్నాను.

"నువ్వు లెక్కబెట్టింది ఫైల్లో. కాయితంలో లెక్కబెట్టు."

కాగితంలో రెండువందల పదిహేడే ఉన్నాయి. ఫైలు తెరిచి చూస్తే, తక్కువైన పంతొమ్మిది వరుసలూ పదిహేను గళ్లు ఎడమకు జరిగి, పిల్లల పేర్లు ఇంటిపేరు చోటులోకి వచ్చి కూర్చున్నాయి. అంకెలు వాటి చోట లేని వరుసలను ప్రోగ్రాం చడీచప్పుడు లేకుండా వదిలేసింది. అలా వదిలేయమని రాసిందీ నేనే. పంతొమ్మిదిలో ఇద్దరు దరఖాస్తులో ఇంటిపేరు రాయని పిల్లలు, తక్కిన పదిహేడుమందీ ముస్లింల పిల్లలు. ఇంటిపేరు చోట ఆపా కొట్టి ఉంచిన పదిహేను ఖాళీలనూ నా సెట్టింగు తీసేసింది. ఏడాదిన్నరగా ఆపా పక్కన కూర్చుని ఒకే డబ్బాలో తిన్నదాన్ని, ఇంటిపేరు లేని మనుషులుంటారని ఆ సెట్టింగు రాసేటప్పుడు నాకు తట్టనే లేదు.

ఆపా గొంతు పెంచలేదు. తెర వంకే చూస్తూ అంది:

"మాకు ఇంటిపేర్లు ఉండవు అమ్మీ. ఆ ఖాళీ మాది. దాన్ని తియ్యాకు."

సెట్టింగుల్లోంచి ఆ వరుస కొట్టేశాను. పంతొమ్మిది వరుసలకు పదిహేను చొప్పున రెండువందల ఎనభై ఐదు ఖాళీలు తిరిగి పెట్టాలి. ఒక్క మీటతో అయ్యేటట్టు చేస్తానంటే ఆమె వద్దంది. ఒక్కొక్క ఖాళీ తానే నొక్కింది, నేను పక్కన కూర్చుని పైకి లెక్కపెట్టాను. ఎనిమిదో వరుస ఆమె చెల్లెలిది; అక్కడ నేను లెక్క తప్పితే, ఆపా ఆగి, మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టించింది. అచ్చు కావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఈసారి కాగితంలోనే రెండుసార్లు లెక్కపెట్టి, మూడుంబావు బస్సుకు ఇద్దరం కలిసి జమ్మలమడుగు పోయాం. దారిలో, అడగకుండా మార్చడం నాదే తప్పని చెప్పాను. కిటికీలోంచి చూస్తూనే, ఇంకమీద అడుగు, అంతే, అంది. నాలుగున్నరకు గుమాస్తా బీరువాకు తాళం వేయబోతూ మమ్మల్ని చూసి విసుక్కున్నా, జాబితా మాత్రం తీసుకున్నాడు. ఆపా చెల్లెలు ఆ ఏడు పరీక్ష రాసింది, పాసయింది. తర్వాత టీచరై, బ్రహ్మంగారిమఠం దగ్గరి బడిలో చాలాకాలం పనిచేసింది.

మర్నాడు నేను చేసిన మొదటి పని, సెట్టింగుల ఫైలు తలమీద, కంప్యూటర్ పట్టించుకోకుండా మనుషులు మాత్రమే చదువుకునే వరుసగా, ఆపాను అడగకుండా ఇందులో ఏదీ మార్చరాదని రాయడం. ఆమె అది చదివి, వారం లోపలే కింద తన వరుసలు తానే రాయడం మొదలుపెట్టింది. నాలుగేళ్లలో ఆ ఫైలు నూట ముప్పై ఒక్క వరుసలైంది, అందులో నలభై ఆమెవి. ఏ మీట గురించైనా ఇద్దరం వాదించుకుని, అలిగి, ఒప్పుకుని గానీ మార్చేవాళ్లం కాదు. తర్వాత రెండో కంప్యూటర్ వచ్చింది. ఫైలును చెరొకటిగా పంచుకున్నాం, ఇద్దరం సంతోషించాం. నెల తిరిగేసరికి ఆమెది ఆమెదిగా, నాది నాదిగా అయిపోయి, మా మధ్య ఆ వాదనలు ఆగిపోయాయి. రెండేళ్లకు ఆమె భర్త దగ్గరికి కువైట్ వెళ్లిపోయింది.

ఇప్పుడు ఎవరి మిషను వారిది, ఎవరి సెట్టింగులు వారివి. ఒకటి మార్చుకోవాలంటే ఎవరినీ అడగనక్కరలేదు. వసతి గొప్పదే, కాదనను. కానీ పక్క కుర్చీలోని మనిషి ఒప్పుకుంటే తప్ప ఒక్క మీట కూడా మార్చలేకపోయిన ఆ నాలుగేళ్లలో నా పని మీద నాకు ఎంత నమ్మకం ఉండేదో, అంత నమ్మకం ఆ తర్వాత ఎన్నడూ కలగలేదు.