గాలియం మేడమ్

తాడేపల్లిగూడెంలో మా కెమిస్ట్రీ మేడమ్ ఎవరెంత వాదించినా గొంతు పెంచేవారు కాదు. తలమీద కొంగు సర్దుకుని, "ముందు చూడండి, తరవాత అందురుగాని" అనేవారు.

ఒకసారి నన్నూ, మా క్లాసులో ఇంకో అమ్మాయినీ ఏలూరులో సైన్స్ ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళారు. మేం చూపించాల్సింది గాలియం. చేతి వేడికే కరిగే లోహం అది. తీరా బల్ల మీద పెట్టి చూస్తే, బస్సులో తగిలిన ఎండకి డబ్బీలోనే నీరైపోయింది.

బహుమతులు నిర్ణయించడానికొచ్చిన పెద్దాయన డబ్బీ ఊపి చూసి మండిపడ్డారు.

"ఇది పాదరసమండీ! పిల్లల చేతికి విషమిస్తారా? బల్ల ఖాళీ చెయ్యండి."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మేడమ్ మాత్రం, "ముందు చూడండి సార్" అని గబగబా బయటికి వెళ్ళి, రోడ్డు పక్క చేపలమ్మే ఆవిడనడిగి ఐసు తెచ్చారు. డబ్బీని అందులో పాతిపెట్టి, "పాదరసమైతే ఐసుకి గడ్డకట్టదండీ" అన్నారు.

జనం మూగారు. చాలాసేపటికి మేడమ్ డబ్బీ తలకిందులు చేశారు. లోపల లోహం కదల్లేదు.

"సార్, చెయ్యి చాపండి."

పెద్దాయన చాపారు. మేడమ్ డబ్బీ తట్టి ముక్కను ఆయన అరచేతిలో వేశారు. కాసేపటికి దాని అంచులు మెత్తబడ్డాయి. చూస్తుండగానే ముక్కంతా కరిగి, వెండి బొట్టులా వణికింది. హాలంతా చప్పట్లు మోగాయి.

మొదటి బహుమతి మాదే. పెద్దాయన చేతికంటిన గాలియం నల్లమరక కడుక్కోకుండా, ఎదురైన ప్రతివాళ్ళకీ అరచెయ్యి చాపి, "నా చేతిలోనే కరిగిందండీ!" అని సంబరంగా చెప్పుకుంటూ తిరిగారు.