గెలిచినవాళ్ళదే కోర్టు

సింగపూర్‌కు చలికాలం లేదు. డిసెంబరులో వాన ఉంటుంది, అంతే. అదీ ఆగుతుందన్న ఆశ కూడా పెట్టుకోనివ్వని వాన. దాంతో గడ్డి మైదానం బురదగుంట అవుతుంది. బూట్లతో తొక్కితే గడ్డి వేళ్ళతో సహా లేచి వస్తుందని గేటుకు తాళం వేసేస్తారు. ఇక ఫుట్‌బాల్ ఆడే ప్రతి జట్టూ కప్పు ఉన్న చోటు వెతుక్కోవలసిందే. బెడోక్‌లో మా ఫ్లాట్ల మధ్య అలాంటి కోర్టు ఒకటుంది. కింద సిమెంటు నేల, పైన రేకులు, రెండు చివర్లా చిన్న ఇనుప గోల్‌పోస్టులు. బుకింగ్ ఏమీ లేదు, ముందు వచ్చినవాళ్ళు ఆడుకోవడమే.

మాది ఆడవాళ్ళ జట్టు. అందరం ఉద్యోగాలూ పిల్లలూ ఉన్నవాళ్ళమే. కొత్త సంవత్సరంలో మా మొదటి టోర్నమెంటు ఉంది. సాధన లేకుండా వెళ్తే పరువు పోతుంది. అందుకే ఒక శనివారం పొద్దున్నే వెళ్ళి కోర్టు మధ్యలో మా బూట్ల సంచులు వరసగా పెట్టాం. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఈ బల్ల మాదని చోప్ చేసుకుంటాం కదా, అలాగన్నమాట. ఎదురుగా కాఫీ షాపులో టీ తాగి వచ్చేసరికి మా సంచులు బయట కాలువ పక్కన వానలో నానుతున్నాయి. లోపల మగవాళ్ళ జట్టు ఆడుతోంది.

వాళ్ళ కెప్టెన్ మన తెలుగాయనే. మా పక్క పేట టాంపినీస్‌లో ఉంటాడు. జుట్టుకూ మీసానికీ ఒకే రంగు వేసుకుంటాడు.

"చెల్లెమ్మా, చోప్ అనేది మకాన్ దగ్గర, తిండి దగ్గర. ఇక్కడ కుదరదు," అన్నాడు. "ఈ కోర్టులో రూల్ ఒకటే. ముందు గోల్ కొట్టినోళ్ళు ఉంటారు, ఓడినోళ్ళు బయటికి. కావాలంటే ఆడండి."

ఆడాం. పచ్చిక మీద అలవాటైన ఆట మాది, బంతిని ఎత్తి కొట్టాం. అది రేకులకు తగిలితే అవతలివాళ్ళకు ఇచ్చెయ్యాలట. అలా ఇచ్చుకుంటూ పోయి తొందరగానే ఓడిపోయాం.

"పోన్లే అమ్మా, మాల్‌లో వాకింగ్ చేసుకోండి. ఏసీ కూడా ఉంటుంది," అన్నాడు. జట్టంతా నవ్వింది.

ఒళ్ళు మండిపోయింది. ఓడినందుకు కాదు, ఆ నవ్వుకు. తడిసిన బూట్లు ఇంట్లో ఫ్యాను కింద ఆరబెట్టాను. ఇల్లంతా ఒకటే కంపు. అది ముక్కుకు తగిలినప్పుడల్లా ఆయన మొహమే కళ్ళ ముందు కనిపించేది. అప్పటిదాకా ఆయన్ని అన్నయ్యగారూ అనేదాన్ని. ఆ వారం గుడిలో కనబడితే నలుగురి మధ్యా, "బాగున్నారా అంకుల్!" అని గట్టిగా పలకరించాను. రంగేసిన మీసం కాస్త వంకర పోయింది. హాయిగా అనిపించింది గానీ కడుపు నిండలేదు.

ఆ గుడిలోనే ఆయన కూతురు కలిసింది. పాలిటెక్నిక్‌లో చదువుతోంది. చిన్నప్పటినుంచీ నాన్న ఆటకు వెళ్ళి గోల్‌పోస్టు వెనక నిలబడి చూసేదట. తనూ ఆడతానంటే, నీకెందుకులే కన్నా, దెబ్బలు తగులుతాయి అనేవాడట. మా జట్టుకు కీపరుగా వస్తావా అని అడిగాను. పిల్ల మీద ప్రేమతో అడగలేదు. తండ్రికి మంట పుట్టాలని అడిగాను.

"కెన్, ఆంటీ, వస్తాను. డాడీకి మాత్రం చెప్పొద్దు," అంది.

సాధన ఫ్లైఓవర్ కింద చేసుకున్నాం. చుట్టూ స్తంభాలే. బంతి లేపితే స్తంభానికి కొట్టుకుని వాన నీళ్ళలోకి పోతుంది, తెచ్చుకోవడానికి తడవాలి. తడవలేక నేల మీదే చిన్న చిన్న పాసులు ఇచ్చుకోవడం నేర్చుకున్నాం. అలసిపోయి ఎవరైనా ఇంటికి పోదామంటే నేను మాల్ మాట ఎత్తేదాన్ని. మళ్ళీ లేచేవాళ్ళు.

జనవరిలో వాన ఇంకా వదల్లేదు. ఒక శనివారం కోర్టుకు వెళ్ళి, ఆడతాం అన్నాం. గ్లవ్స్ వేసుకుని గోల్ ముందు నిలబడ్డ కూతుర్ని చూసి ఆయన ఆగిపోయాడు.

"నీకు క్లాసు లేదూ?"

"కీపింగ్ ఉంది, డాడీ."

ఆట మొదలైన కాసేపటికే ఆయనకు బంతి దొరికింది. ఎదురుగా కూతురు తప్ప ఎవరూ లేరు. కొట్టేముందు ఆయన భుజం బంతి పోయే వైపుకు కొంచెం వంగుతుందని మాలో ఎవరికీ తెలియదు. ఆ పిల్లకు తెలుసు. ఆయన కాలు కదలకముందే ఆ వైపు పడింది. బంతి పొట్టకు అదుముకుని లేచి నాకు దొర్లించింది. నేను ఇంకొకరికి, ఆవిడ మరొకరికి. చివరికి మా అందరిలోకీ నెమ్మదిగా పరిగెత్తే ఆవిడ గోల్ కొట్టింది. నేను కొట్టినా అంత సంతోషం ఉండేది కాదు.

ఆయన చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "చెల్లెమ్మా, రేపే మాకు మ్యాచ్. ప్రాక్టీసుకు మన గ్రౌండ్ ఇంకా తెరవలేదు. సగం కోర్టు ఇస్తే చాలు, సర్దుకుంటాం."

ఈ క్షణం కోసం ఒక జవాబు సిద్ధం చేసుకుని ఉన్నాను. స్నానం చేస్తూ, ట్రైన్లో నిలబడి, కూర కలుపుతూ దానికి పదును పెట్టుకున్నాను. నోరు తెరిచేలోపు వెనకనుంచి ఆ పిల్ల తన సింగపూర్ యాసలో అనేసింది.

"లూజ్ అయితే బయటికి లా, డాడీ. మీ రూలే కదా."

ఆయన కూతురి వైపు చూడలేదు. నా వైపు చూశాడు, పెద్దదాన్ని కదా, నేనైనా ఒక మాట అంటానేమోనని. సగం కోర్టు మాకూ సరిపోయేది. మా జట్టులో ఒకావిడ నా మోచెయ్యి పట్టుకుని, పాపం, ఇద్దాం అని గొణిగింది కూడా.

"మొదలుపెడదామా?" అన్నాను మావాళ్ళతో.

మగవాళ్ళు సంచులు భుజాన వేసుకుని ఒక్కొక్కరే వానలోకి దిగారు. ఆయన అందరికన్నా చివర, రేకుల అంచు దగ్గర కాసేపు నిలబడ్డాడు. వాళ్ళ ఇంటి గొడుగు కూతురి సంచిలో ఉంది. ఆ పిల్ల తీసి ఇవ్వలేదు. నేను ఇవ్వమనలేదు.