ప్లాసిడియమ్మ కోసం ప్రార్థన

మా టీచరమ్మగారు పోయిన బుధవారం ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఈపాటికి పరలోకంలో కూడా ఎవరినో కూర్చోబెట్టి ఎవరింటి తగాదానో చెబుతూ ఉంటారు. వినేవాళ్లకు నా సానుభూతి.

ఒకప్పుడు భీమవరంలో పిల్లలకు చరిత్ర చెప్పారు. అమెరికా వచ్చాక ఇక్కడ క్యారీలో మా పక్కింట్లో కొడుకు దగ్గర ఉండేవారు. ఆదివారం ఆ అబ్బాయే నన్నూ కార్లో తెలుగు చర్చికి తీసుకెళ్లేవాడు. ముందు సీటు ఆవిడది. బెల్ట్ కింద చీర నలిగిపోతుందని మడతపెట్టిన చేతిరుమాలు వేసుకునేవారు. అది సర్దుకునేదాకా కారు కదలకూడదు.

"రాణీగారి పల్లకీ లేచిందా?" అనేవాణ్ణి వెనక నుంచి.

"బోయీలు నోరు మూసుకుంటే లేస్తుంది," అనేవారు.

దారంతా ప్లాసిడియమ్మ కబుర్లే. మొదటి మొగుణ్ణి ఎవరో చంపేశారట. అన్న బలవంతాన రెండో పెళ్లి చేస్తే ఆయనా పోయాడట. అన్నతో చెడి, పిల్లలిద్దర్నీ తీసుకుని మేనల్లుడి ఊరు చేరిందట. తీరా కొడుకు పెద్దవాడయ్యాక సొంత అక్క మీదే కత్తి కట్టాడు. ఇష్టంలేని పెళ్లి తప్పించుకోవడానికి ఆ పిల్ల ఎవరో పరాయివాడికి ఉంగరం పంపిందని కోపం. తల్లి మధ్యలో నలిగిపోతోంది.

నేను అయిదో తరగతి దగ్గర ఆగినవాణ్ణి. మావాళ్లలో ప్రిస్కిల్లమ్మలు ఉండగా ప్లాసిడియమ్మ ఉండదా? వీళ్ల బంధువే అనుకున్నాను. వీళ్లింట్లోనూ అదే గొడవ మరి. తను చూసిన సంబంధం కాదని ఎవర్నో చేసుకుందని ఈ అబ్బాయి అక్కతో మాట మానేశాడు. టీచరమ్మగారి దిగులంతా అదే.

ఒక ఆదివారం పాస్టర్‌గారు ప్రార్థన అవసరతలు అడిగితే లేచి నిలబడ్డాను.

"ప్లాసిడియమ్మగారి కుటుంబం కోసమండీ. ఆ కొడుకు అక్కని క్షమించాలి."

చర్చి అంతా కళ్లు మూసుకుంది. పాస్టర్‌గారు కన్నీళ్లతో ప్రార్థించారు. అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది టీచరమ్మగారే.

కార్లో కూర్చోగానే అబ్బాయి పగలబడి నవ్వాడు. "అంకుల్! ఆవిడ రోమ్ మహారాణి. పోయి పదిహేను వందల ఏళ్లు దాటింది!"

"అయితే ఏం?" అన్నారు టీచరమ్మగారు. "దేవుడికి లేట్ అయిపోయిందా?"

అబ్బాయి నవ్వు ఆగింది. తల్లి వైపు తిరిగాడు. "ఇంతకీ ఆ కొడుకు ఏం చేశాడమ్మా?"

"చంపేస్తానన్నాడు. తల్లి బతిమాలితే వదిలేశాడు. తర్వాత అక్కతో మాట్లాడాడో లేదో ఎవరూ రాయలేదు నాన్నా. వాళ్ల కథ అయిపోయింది. మనది ఇంకా అవ్వలేదుగా."

అబ్బాయి కారు తీయలేదు. ఫోన్ తీశాడు. అటునుంచి అక్క "హలో" అనగానే టీచరమ్మగారు కిటికీ వైపు తిరిగారు. బెల్ట్ కింది రుమాలు కళ్ల దగ్గరికి వెళ్లింది. ఆ ఒక్కరోజు నేనూ నోరు మూసుకున్నాను.

అప్పట్నుంచి మా మనవరాలికి నేను ప్లాసిడియా తాతని. పోనీలెండి, నా ప్రార్థన ఊరికే పోలేదు. అడ్రస్ మారిందంతే.

సమాధి దగ్గర అక్కాతమ్ముళ్లు ఒకే గొడుగు కింద నిలబడ్డారు. తిరిగొచ్చేటప్పుడు ముందు సీట్లో అక్క కూర్చుంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి అమ్మ చేతిరుమాలు తీసి, మడత విప్పకుండా బెల్ట్ కింద పెట్టుకుంది.

"పల్లకీ లేచిందా?" అన్నాను వెనక నుంచి.

"ఆగండి అంకుల్," అన్నాడు అబ్బాయి. "అక్క ఇంకా సర్దుకుంటోంది."

ఇంజన్ ఆన్ చేసి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, అక్క వైపు చూస్తూ ఆగాడు.