నలభై దాటితే సగం

అతని మీద నాకు అసూయ. ముందే చెప్పేస్తే నాకూ తేలిక, చదివేవాళ్ళకీ తేలిక. కువైట్‌లో పదేళ్ళకు పైగా మేమిద్దరం ఒకే వాలీబాల్ జట్టులో ఉన్నాం. అతను లిఫ్టర్. నేనూ లిఫ్టర్‌నే, కానీ అతనికి జ్వరం వస్తేనో, అతని కఫీల్, అంటే పని ఇచ్చిన యజమాని, ఇంట్లో పెళ్ళి ఉంటేనో తప్ప కోర్టులో అడుగు పెట్టని లిఫ్టర్‌ని. ఆ కఫీల్ ఇంట్లో పెళ్ళీ జరగదు, అతనికి జ్వరమూ రాదు.

వాలీబాల్‌లో పైకెగిరి కొట్టే స్మాషర్ పేరే జనం అరుస్తారు. కానీ ఆ బంతిని కొట్టేవాడికి అందేట్టు, అందాల్సిన ఎత్తుకి లేపి పెట్టేవాడు లిఫ్టర్. ప్రతిసారీ బంతి అతని చేతిలోంచే పోవాలి. అందుకే జట్టుకి అలాంటివాడు ఒక్కడు చాలు. రెండోవాడు నీళ్ళ సీసాలు అందిస్తుంటాడు.

అతని చేతుల్లోంచి బంతి వెళ్ళేటప్పుడు చప్పుడు వచ్చేది కాదు. నా చేతుల్లో 'టప్' మనేది. ఆ 'టప్' వినగానే రిఫరీ రెండు వేళ్ళు చూపించేవాడు, డబుల్ టచ్ అని. నేను గదిలో వెల్లకిలా పడుకుని, బంతిని పైకి వేస్తూ పట్టుకుంటూ ఎన్ని సెలవు గంటలు తగలేశానో లెక్క లేదు. అతను ప్రాక్టీసు చేయగా నేనెప్పుడూ చూడలేదు. సబా అల్ సలేంలో ఒక పెద్దింట్లో వంట చేసేవాడు. శుక్రవారం మధ్యాహ్నం మచ్‌బూస్ మాంసం అన్నం దేగిసా దించేసి, చేతులు కడుక్కుని, తిన్నగా కోర్టుకి వచ్చేసేవాడు. ఆ ఇంటి కొడుకులే కార్లో తెచ్చి దింపి, అక్కడే నిలబడి ఆట చూసేవాళ్ళు. నేను సల్వాలో డ్రైవరు పని చేసేవాణ్ణి. మా మామాకి, అంటే ఇంటి యజమానురాలికి, శుక్రవారం పూటే పుట్టింటికి వెళ్ళాలనిపించేది. పంటి నొప్పి, కడుపు నొప్పి, ఊళ్ళో చావు కబురు, ఇలా నోటికొచ్చిన అబద్ధం చెప్పి బయటపడేవాణ్ణి. అంత పాపం మూటకట్టుకుని వచ్చి నేను చేసేదేమిటంటే, అతను ఆడుతుంటే కూర్చుని చూడడం.

ఇంకో సంగతి. అతను ఆడుతుండగా ఎవరో తీసిన వీడియో ఊరికి చేరింది. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా నా భార్య, "ఆయనెలా ఉన్నారండీ? ఎంత బాగా ఆడారో" అనేది. నేనెలా ఉన్నానన్నది తర్వాతి ప్రశ్న. అతనిదీ మా ఊరే, కోనసీమలో. మా పెద్దన్నయ్యతో కలిసి పదో తరగతి చదివాడు. మా అన్నయ్య నాకంటే ఏడేళ్ళు పెద్ద. ఈ ఒక్క సంగతీ గుర్తుంచుకోండి.

ఆ రోజుల్లో క్రికెట్ ఆటగాళ్ళని వేలంలో కొనడం టీవీలో చూసి, మా తెలుగు వాలీబాల్ పోటీలు నడిపేవాళ్ళకీ బుద్ధి పుట్టింది. మూడేళ్ళు వరసగా మా జట్టే గెలవడం కూడా అందుకు కారణం. ఒక్క జట్టులోనే మంచివాళ్ళంతా ఉంటే ఆటేముందని మిగతా జట్లు గోల పెట్టాయి. అందుకని ఒక్కో ఆటగాడికి ఇన్ని పాయింట్లని వేశారు. ఎనిమిది మంది జట్టు మొత్తం విలువ వంద పాయింట్లు దాటకూడదు. దాటితే ఎవరో ఒకర్ని వదులుకోవాలి. ఇంకో రూలు కూడా పెట్టారు. నలభై దాటినవాళ్ళకి సగం పాయింట్లే లెక్క. ముసలివాళ్ళని ఎవరూ తోసెయ్యకుండా ఉంటారని దయతో పెట్టిన రూలు అది.

అతనికి ముప్పై వేశారు. మా ఇద్దరు స్మాషర్లకీ చెరో ముప్పై వేశారు. నాతో కలిపి మిగతా అయిదుగురం ఇరవై. మొత్తం నూట పది. అంటే పది పాయింట్లు ఎక్కువ.

నా ఖాతాలో పడినవి నాలుగు. అందులోనూ సగమే లెక్కేశారు, ఎందుకంటే బతాకా మీద, అంటే అక్కడి గుర్తింపు కార్డులో, నాకు నలభై రెండు. నిజానికి ముప్పై ఆరు. నేను కువైట్ వచ్చేనాటికి ఇంకా పందొమ్మిది నిండలేదు. ఇంటి డ్రైవరుకి ఆ వయసు చాలదని ఏజెంటు పాస్‌పోర్టులో ఆరేళ్ళు కలిపేశాడు. అతని సంగతి దీనికి తలకిందులు. తొంభైల్లో ఒకసారి వచ్చి, ఇంటికెళ్ళి, మళ్ళీ వచ్చేటప్పుడు వేరే ఏజెంటు అతని వయసులోంచి ఆరేళ్ళు తీసేశాడు. అలా నలభై మూడేళ్ళ మనిషి బతాకాలో ముప్పై ఏడు. అతని మీదనుంచి దించిన ఆరేళ్ళే తెచ్చి నా నెత్తిన పెట్టినట్టు అనిపించేది. కాగితాల్లో నేను అతనికి అన్నని. కోర్టులో అతని తువ్వాలు నేను పట్టుకునేవాణ్ణి.

మా కెప్టెన్ కడప మనిషి, ఒక వర్క్‌షాపులో వెల్డర్. వారం రోజులు నిద్ర లేదతనికి. "లెక్క తెగల్యా అప్పా," అని తల గోక్కునేవాడు. మా అయిదుగురిలో ఎవర్ని తీసినా పది తగ్గదు. స్మాషర్లలో ఒకణ్ణి వదిలేద్దామంటే, వాళ్ళిద్దరూ ఒకే ఊరు, ఒకే గది, పోతే ఇద్దరమూ పోతామన్నారు. మిగిలింది లిఫ్టర్. "మూడేండ్లు ఆ మనిషి చేతుల మింద గెలిచినాం. ఇప్పుడు పొమ్మంటే నోరు యెట్లొస్తాది? కానీ మోకాలు నొస్తాండాది ఆయనకి. ముందు మాదిరి బంతి కిందికి పోల్యాడు. నువ్వే చెప్పప్పా, యేం చేద్దాం?"

నన్ను అడిగాడు! నేను ఎంతో బాధగా మొహం పెట్టి, "నీ ఇష్టం, అందరికీ మంచిదేదో అదే చెయ్యి" అన్నాను. లోపల నా గుండె గంతులేస్తోంది. అతను పోతే లిఫ్టర్‌ని నేనే. ముప్పై ఆరేళ్ళకి, మోకాళ్ళు ఇంకా చెప్పిన మాట వినే వయసులో, చివరికి నా వంతు వస్తుంది.

జట్లు ఖాయం చేసే శుక్రవారం అందరం కబ్ద్‌లో ఒక తోటలో కలిశాం. అక్కడ పని చేసే మనవాళ్ళు ఇసక చదును చేసి కోర్టు వేసి పెట్టారు. చలికాలం ఎండ హాయిగా ఉంది. చాపలు పరిచి, టీ ఫ్లాస్కులు మధ్యలో పెట్టి కూర్చున్నాం. పోటీల పెద్ద కరీంనగర్ మనిషి, అందరిలోకీ ఎక్కువ కాలం కువైట్‌లో ఉన్నవాడు. ఒక్కో జట్టు పేర్లు చదివి లెక్క కట్టాడు.

మాకంటే ముందు వచ్చిన జట్టులో ఒకతని వయసు మీద తగాదా లేచింది. బతాకాలో ముప్పై ఆరు, మనిషిని చూస్తే నడినెత్తి మీద వెంట్రుక లేదు. పెద్దాయన నవ్వాడు. "బతాకాల వయసు ఎవనిది నిజమున్నదిరా? నాదే అబద్ధం. మీ ఊరోడు ఒక్కడు లేచి నోటితోని చెప్తే నేను రాసుకుంట. ఊరోడి మాటే నాకు సర్టిఫికెట్." ఆ మనిషి ఊరివాడు లేచి, "మా అక్క పెళ్ళికి ఈయన మీసాలతో ఉన్నాడు, నలభై రెండుకి తక్కువ లేడు" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. "సగం మనిషి! సగం మనిషికి సగం టీ పొయ్యండ్రా" అని ఎవడో అరిచాడు. ఆ బట్టతల మనిషీ నవ్వాడు గానీ, ఆ టీ తాగలేదు. పేరు పక్కన సగం రాసుకున్నారు.

అది చూసి మా కెప్టెన్ మొహం వెలిగిపోయింది. కెప్టెన్ ఆలోచన నాకు అర్థమైంది. లిఫ్టర్‌కి కూడా నలభై దాటిందని తేలితే, ముప్పైకి పదిహేనే లెక్క. మొత్తం తొంభై అయిదు. ఎవర్నీ వదలక్కర్లేదు. అందరూ ఉంటారు, అతనే ఆడతాడు, నేను మళ్ళీ తువ్వాలు పట్టుకుంటాను.

కెప్టెన్ లేచి, "మా లిఫ్టరు ఊరోడు మా దాంట్లోనే ఉండాడు" అని నా వైపు చూపించాడు.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "చెప్పు తమ్మీ. మీ ఊరోడే గద. ఎంతుంటయ్?"

అతను నాకెదురుగా చాప చివర కూర్చుని ఉన్నాడు. వేళ్ళకి ప్లాస్టర్ చుట్టుకుంటున్నాడు. చుట్టడం ఆపి నా వైపు ఒక్కసారి చూశాడు. నాకు ఆ చూపు బతిమాలినట్టే అనిపించింది. నిజం చెప్పరా తమ్ముడూ, నన్ను ఆడనివ్వరా, అన్నట్టు. అతను నన్ను బతిమాలడం! ఎంత మంచి టీ తాగినా అంత వెచ్చగా ఉండదు.

"నాకంటే ఒక్క ఏడాది పెద్దండి, అంతే," అన్నాను. "ముప్పై ఏడు. బతాకాలో ఉన్నదే నిజం."

మా ఊరివాళ్ళు అక్కడ ఇంకెవరూ లేరు. నా అసలు వయసు అందరికీ తెలిసిందే, నా రెండు పాయింట్ల కోసం తగాదా పడే ఓపిక మాత్రం ఎవరికీ లేదు. పెద్దాయన ముప్పై అలాగే ఉంచి, పెన్ను కెప్టెన్ చేతికిచ్చాడు. కెప్టెన్ చాలాసేపు ఆ కాగితం చూసి, అతని పేరు మీద గీత కొట్టాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. నేనూ తల వంచుకున్నాను, నవ్వు బయటపడకుండా. ముప్పై పాయింట్లు పెట్టి మోకాళ్ళు నొప్పులున్న మనిషిని తీసుకునే చోటు ఏ జట్టులోనూ మిగల్లేదు.

ఆ సీజనంతా నేనే లిఫ్టర్‌ని. అబద్ధమెందుకు, మొదటి ఆట రోజు నా అంత సుఖపడినవాడు కువైట్ మొత్తంలో లేడు. కొత్త బూట్లు కొన్నాను. స్మాషర్లు నా బంతులకి అలవాటు పడ్డారు. డబుల్ టచ్‌లు తగ్గాయి. ఆట అయ్యాక జనం భుజం తట్టి, "పర్లేదు, బానే పెట్టావ్" అనేవాళ్ళు. పర్లేదు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. అతన్ని ఎవరూ ఏనాడూ పర్లేదు అనలేదు.

అతను మాత్రం ప్రతి శుక్రవారం వచ్చేవాడు. గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. నేను మంచి బంతి పెడితే అందరికంటే ముందు చప్పట్లు కొట్టేవాడు. అదొకటి! రాకుండా ఉంటే ఎంత బాగుండేదో. జనం ఆట మధ్యలో తల తిప్పి, అతని మొహం చూసి, నా బంతి ఎలా ఉందో తెలుసుకునేవాళ్ళు. ఆడకుండానే అతను నన్ను బెంచీ మీద కూర్చోబెడుతున్నాడని కుళ్ళిపోయేవాణ్ణి.

సెమీస్‌లో ఓడిపోయాం. మరీ చిత్తుగా కాదు, పర్లేదనిపించేట్టే ఓడాం. ఆ రోజు కఫీల్ కొడుకులు రాలేదు. మా మామా ఇంటి పెద్ద బండి నా దగ్గరుంది. సబా అల్ సలేంలో దింపుతానన్నాను. అనకుండా ఎలా ఉంటాను, ఊరివాడు కదా. సాయంత్రం నాలుగున్నర, రోడ్డు ఖాళీగా ఉంది. కాసేపు మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఒరేయ్ తమ్ముడూ, ఒక మాట సెప్పాలనుకుంటన్నాను. ఆ తోటలో ఆయన నిన్నడిగినప్పుడు బయమేసి సచ్చేననుకో. నువ్వు నిజం సెప్పేత్తావేమోనని."

నేను బండి నెమ్మది చేశాను.

"మీ అన్నా నేనూ ఒకే బెంచీ. ఆ సంగతి నీకు తెల్దా? ఆ బట్టతలోడికి సగం టీ పొయ్యమన్నప్పుడే అనుకున్నాను, నా పేరు పక్కన సగం అని రాత్తే ఇంక బంతి ముట్టుకోకూడదని. ఆడినన్నాళ్ళూ నిండుగా ఆడేను. ఎళ్ళేటప్పుడు ముప్పైకి ముప్పై రాసుండగా ఎళ్ళేను. అది నువ్వు నిలబెట్టేవు." మళ్ళీ మోకాలు రుద్దుకున్నాడు. "నాకు తెలుసురా, నేనుంటే జట్టు గెలిచేదని నీకూ ఉంటాది. అయినా నా పరువు సూసేవు. మా సొంతోళ్ళు కూడా అంత సూడరు."

ఆ చూపు గుర్తొచ్చింది. బతిమాలడం నిజమే. కానీ నేను అనుకున్నదానికి కాదు.

సిగ్గు పడాల్సింది. పడ్డాను కూడా, తర్వాత, చాలా రోజుల తర్వాత. కానీ ఆ బండిలో నాకు ముందు వచ్చింది సిగ్గు కాదు, కడుపు మంట. ఇన్నేళ్ళలో అతన్నుంచి నేను లాక్కోగలిగింది ఒకే ఒక్కటి. అదీ నేను లాక్కున్నది కాదట. అతను కోరుకున్నదే నేను చేశానట. అతను నిండు మనిషిగా దిగిపోయి, నన్ను ఓ పర్లేదనిపించే లిఫ్టర్‌గా కోర్టులో వదిలేశాడు.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. నీ పరువు కోసం కాదు, నీ చోటు కోసం చెప్పానని. చెప్తే ఆ మొహం ఎలా మారుతుందో చూడాలనీ ఉంది. అతను నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇంతకాలంలో ఒక్కసారి కూడా నా గురించి అంత మంచి మాట ఎవరూ అనలేదు, నా భార్యతో సహా.

"ఏముందిలే అన్నా, ఊరోళ్ళం కదా," అన్నాను.