ఏడు వేళ్ల పుంటికూర

సౌదీలోని ఖతీఫ్‌లో ఆగస్టు గాలిని తడిబట్టలా పిండవచ్చు. మా క్యాంపులో ఆ పిండే పని ఏసీలు చేస్తాయి. పోర్టా క్యాబిన్ల వెనక వరసగా వేలాడే కిటికీ ఏసీల కింద బకెట్ పెట్టి చూశాను. సముద్రం మీద నుంచి గాలి వీచిన రోజు మా గది ఏసీ ఒక్కటే తెల్లారేసరికి ఇరవై లీటర్ల బకెట్ నింపి, ఇంకా కారుతూనే ఉంది. గాలి ఎడారి వైపు నుంచి తిరిగితే అదే బకెట్ అడుగు కూడా తడవదు. ఏసీలు బాగుచేయడం నా ఉద్యోగం కాబట్టి ఈ నీళ్లు చాలా ఏళ్లు నాకు తిట్లుగానే తెలుసు: పైపు మూసుకుపోయింది, పరుపు తడిసింది, త్వరగా రా. వాటిలో ఉప్పు ఉండదనీ, ట్యాంకర్ నీళ్లకు అంచులు మాడిపోయే ఆకు ఈ నీళ్లకు పచ్చగా నిలబడుతుందనీ తర్వాత తెలిసింది.

తెలిసిన తర్వాత ఊరికే ఉండలేకపోయాను. నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు సంపాదించి సగానికి కోసి, నాలుగు తొట్లు చేశాను. విత్తనాలు మా వంటమనిషివి. జగిత్యాల వైపు మనిషి, నాకన్నా నాలుగేళ్లు పెద్ద. వరస కలుపుకొని బావ అంటాను, ఆయన నన్ను బామ్మర్ది అంటాడు. ఆ వరసలో ఏ మాట అన్నా చెల్లుతుంది, అందుకే కలుపుకున్నాం. సెలవు నుంచి వస్తూ తువ్వాలు కొంగున ముడేసి రెండు రకాల పుంటికూర విత్తనాలు తెచ్చాడు: ఎర్రకాడది, తెల్లకాడది. కోస్తావాళ్లు గోంగూర అంటారు. బజారులో దొరికే గోంగూర విమాన ప్రయాణం చేసివచ్చిన ముసలమ్మలా ఉంటుంది, వండినా నిద్ర లేవదు.

రెండు తొట్లలో ఎర్రది, రెండింటిలో తెల్లది చల్లాను. ఎర్రది ఎండకు భయపడలేదు కానీ ఉక్కపోతకు ఓడిపోయింది. గాలి ఆడని మూలలో పిండినల్లి పట్టింది. సబ్బు నీళ్లతో కడిగాను, పళ్లుతోమే పాత బ్రష్‌తో గీకాను. ఒకచోట గీకుతుంటే ఇంకోచోట సంతానం పెరిగింది. తెల్లది మాత్రం ఖతీఫ్‌లోనే పుట్టినట్టు లేచింది. ఉక్క ఎక్కువైన వారం ఇంకాస్త లేచింది. మోకాలెత్తు వరకు దాని ఆకులు గుండ్రంగా, అమాయకంగా ఉన్నాయి. నడుమెత్తు దాటేసరికి ఒక్కో ఆకు మూడుగా, ఐదుగా చీలి, పై కొమ్మల్లో ఏడు వేళ్లతో, రంపపు అంచులతో నిలబడింది. మా ఊళ్లో ఆ ఆకును చూసి ఎవరూ రెండోసారి తల తిప్పరు. అక్కడ అది కూర.

పిండినల్లికి మందు వెతుకుతూ ఫోన్‌లో నోటితోనే అడిగాను: ఎండా ఉక్కా ఉన్నచోట, వేళ్లలాంటి ఆకులున్న పొడుగు మొక్కను ఎలా కాపాడాలి అని. వచ్చిన వీడియోలన్నీ గంజాయివే. పిలక వేసుకున్న ఒక తెల్లాయన చాలా శ్రద్ధగా చెబుతున్నాడు: ఉక్కపోత దేశాలకు సన్నాకు రకాలు మేలట, దట్టంగా పెరిగేవి బూజుపట్టి చస్తాయట, మొక్కకూ మొక్కకూ మధ్య గాలి తిరగాలట. ఇంగ్లీషు సగమే అర్థమైంది. ఆ సగం నా తెల్లకాడకు, ఎర్రకాడకు అచ్చంగా సరిపోయింది. ఎర్రది దట్టం, తెల్లది పలచన. మొక్కలు పలచన చేసి, తొట్లు దూరం జరిపాను. పిండినల్లి తగ్గింది. జ్ఞానం ఎక్కడి నుంచి వచ్చినా తీసుకోవాలని మా బళ్లో చెప్పారు. ఎక్కడి నుంచి తీసుకోకూడదో చెప్పలేదు.

గదిలో కుర్రవాళ్లు ఆ వీడియోలు చూశారు. “కాకా, గీ వయసుల నీకు గిదేం పాడుబుద్ధి?” అని ఒకడన్నాడు. నవ్వుకున్నాం.

మా బస్సు నడిపే డ్రైవరుది పాకిస్తాన్, రావల్పిండి పక్క పల్లె. వాళ్ల దగ్గర భంగు, అంటే గంజాయి మొక్క, రోడ్ల పక్కన పిచ్చిమొక్కలా పెరుగుతుందట, మేకలు కూడా ముట్టవట. ఒక గురువారం సాయంత్రం బస్సు దిగి మా గదుల వెనక్కి వచ్చి, తొట్ల ముందు ఆగిపోయాడు.

“ఉస్తాద్,” అన్నాడు, “యే తో భంగ్ హై.”

“భంగ్ నహీ, సబ్జీ హై,” అన్నాను, కూర అని.

“మా దగ్గర కూడా అందరూ ముందు సబ్జీ అనే అంటారు,” అని భుజం తట్టి వెళ్లాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. మెస్సు దగ్గర క్యాంప్ బాస్ ఎదురైతే, నవ్విద్దామని ఆయనతో కూడా అదే అన్నాడు. క్యాంప్ బాస్ ఈజిప్టు మనిషి. నవ్వే అలవాటు ఉంది కానీ డ్యూటీలో వాడడు. భంగ్ అంటే ఏమిటని అడిగాడు. డ్రైవరు ఆయనకు తెలిసిన మాటలో చెప్పాడు: హషీష్. చెప్పాక ఆయన ముఖం చూసి, నావైపు పరుగెత్తుకొచ్చాడు.

“ఉస్తాద్, మజాక్ కియా థా, సరదాకి అన్నా. బాస్ రేపు జుమ్మా నమాజు తర్వాత వచ్చి చూస్తానన్నాడు.”

ఈ దేశంలో ఆ మాట ఎంత బరువో ఇక్కడ పనిచేసే ఎవరికీ చెప్పనక్కర్లేదు. క్యాంప్ బాస్ ఒక రిపోర్టు రాస్తే అది ఆఫీసుకు పోతుంది, ఆఫీసు నుంచి పోలీసులకు పోతుంది. ఆ ఆకును ఎవరైనా నాలుక మీద పెట్టుకొని పులుపు చూసేలోగా నేను లోపల ఉంటాను. అదృష్టం బాగుంటే మళ్లీ రాకుండా ఎగ్జిట్ కొట్టి పంపుతారు. బాగాలేకపోతే ఎన్నేళ్లో తెలియదు. ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కార్డు రెన్యువల్ కాగితం అప్పుడు ఆయన బల్ల మీదే ఉంది.

శుక్రవారం పొద్దున తొట్ల చుట్టూ అందరూ చేరారు. ఒకడు పాతిపెట్టమన్నాడు. ఒకడు కాల్చమన్నాడు.

“కాల్చు,” అన్నాడు బావ. “పొగ జూసి ఊరంత వస్తది. పీల్చుకుంట నిలవడ్డరని ఫోటో సుత దిగుదం.”

నేను లెక్క వేశాను. ఆకు చూస్తేనే అనుమానం. ఆకు లేకపోతే అనుమానానికి పట్టు లేదు. పడేసిన ఆకు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. కడుపులోకి పోయిన ఆకు దొరకదు. కాబట్టి నమాజు అయ్యేలోగా తినెయ్యాలి. ఇందులో తప్పు ఎక్కడుందో అప్పుడు నాకు కనిపించలేదు. చుట్టూ ఉన్న పదిమందికీ కనిపించలేదు. ఇంత తెలివి మాలో ఉందని సంతోషించాం కూడా.

మొక్కలన్నీ వేళ్లతో సహా పీకాం. అందరూ కూర్చుని ఆకు తెంపారు. కాడలనూ వేళ్లనూ సిమెంటు సంచిలో కుక్కి చెత్తకుండీలో వేస్తే, వేసిన కాసేపటికే చెత్తబండి వచ్చి ఎత్తుకుపోయింది. దాన్ని కూడా అదృష్టమే అనుకున్నాం. బావ సగం ఆకు పప్పులో వేశాడు. మిగతా సగం పచ్చిమిరపకాయలతో మగ్గబెట్టి, వెల్లుల్లి వేసి నూరి తొక్కు చేసి, తినగా మిగిలింది కాఫీపొడి సీసాలో నింపాడు. భయంలో ఉన్న మనిషి చేయి కారం దగ్గర నిలవదు. ఆ రోజు తొక్కు పచ్చిమిరపకాయలకే పుంటికూర వేసినట్టు ఉంది.

క్యాంప్ బాస్ నమాజు బట్టల్లోనే వచ్చాడు. తొట్లు చూశాడు. నాలుగింటిలోనూ అప్పుడే తవ్విన తడి గుంటలు.

“మొక్కలేవి?” క్యాంపు భాషలో, అంటే సగం అరబ్బీ, సగం హిందీలో అడిగాడు.

“తిన్నాం.”

“ఎప్పుడు?”

“ఇప్పుడే.”

“మొత్తం?”

ఆ ‘మొత్తం’ అనే మాట ఆయన నోట విన్నాకే నా లెక్కలో తప్పు నాకు తెలిసింది. ఆకు ఉండి ఉంటే వాసన చూపించేవాణ్ని, కాడ మీది ముళ్లు చూపించేవాణ్ని, కొరికి చూడమనేవాణ్ని. నేరం చేయలేదని చెప్పడానికి నా దగ్గర ఉన్న సాక్ష్యం ఆ మొక్క ఒక్కటే. దాన్ని పదిమందిమి కలిసి, అన్నంలో కలుపుకొని, రెండోసారి వడ్డించుకొని మరీ తిన్నాం.

మమ్మల్ని మెస్సులోకి నడిపించి, ఫోన్ ఇమ్మన్నాడు. పుంటికూర బొమ్మ చూపిద్దామని నేనే తెరిచి ఇచ్చాను. తెరవగానే పిలకాయన వచ్చాడు, రెండు చేతుల్లో రెండు గంజాయి కొమ్మలు పట్టుకొని, నన్ను చాలాకాలంగా ఎరిగినవాడిలా నవ్వుతూ. కింద అలాంటివే ఇంకో ఎనిమిది.

“బామ్మర్ది,” అన్నాడు బావ మెల్లగా, “నువ్వు జెర నోరు మూసుకోని నిలవడు. నేను మాట్లాడ్త.” మాట్లాడలేదు. వంటింట్లోకి పోయి సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

క్యాంప్ బాస్ మూత తీసి చూశాడు. నల్లటి ఆకుపచ్చ ముద్ద, పైన నూనె. చూడటానికి, నిజం చెప్పాలంటే, పట్టుబడ్డ సరుకులాగే ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుని, నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు.

“తిను. నేను చూస్తా.”

మత్తు ఎక్కుతుందో లేదో చూస్తాడన్నమాట. రొట్టె ముక్కతో తీసుకొని తిన్నాను. అప్పటికే ఒక భోజనం లోపల ఉంది. నాలుగో ముద్దకు చెవులు వేడెక్కాయి. ఆరో ముద్దకు నెత్తి మీద నుంచి చెమట కారింది. కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, మాట తడబడింది.

“కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయి?”

“మిర్చి.”

“చేతులెందుకు వణుకుతున్నాయి?”

“భయం.”

“ఎందుకు భయం, ఇది కూర అయితే?”

ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాను. డ్రైవరు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. మజాక్ చేసిన పాపానికి అతనికీ చెమటలు పట్టాయి. చివరికి అతనే ముందుకొచ్చి, ఒక రొట్టె ముక్క ముంచి నోట్లో పెట్టుకొని, కాసేపు నమిలి, కళ్లు తుడుచుకున్నాడు.

“సర్, భంగ్ చేదుగా ఉంటుంది. ఇది పులుపు. నషా నహీ, సిర్ఫ్ సజా హై.” మత్తు లేదు, శిక్ష మాత్రమే ఉంది అని.

క్యాంప్ బాస్ మా ముగ్గురినీ చూశాడు. వేలి చివరతో తీసుకొని నాలుక మీద పెట్టుకున్నాడు. దగ్గాడు. నీళ్లు తాగాడు. ఇంకాస్త రొట్టెతో తీసుకున్నాడు. ఆయన కళ్లు కూడా ఎర్రబడ్డాయి.

“ఇగ ఈయనను సుత పట్టియ్యాలె,” అన్నాడు బావ, తెలుగులో, చాలా వినయంగా.

ఆయన సీసాకు మూత పెట్టి చంకలో పెట్టుకొని లేచాడు. “పరీక్షకు పంపిస్తా,” అన్నాడు. నా ఫోన్ తిరిగి ఇచ్చాడు. నా ఇఖామా గురించి మాట్లాడలేదు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో వివరంగా రాయను. గేటు దగ్గర పోలీసు బండి ఆగితే అది పక్క క్యాంపుదని తేలేదాకా ఏసీ యూనిట్ వెనక నిలబడేవాణ్ని. పని ఉన్నట్టు స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకొని. బావ నన్ను దాటి వెళ్తూ, “ఏం బామ్మర్ది, లోపల సుత ఏసీలుంటయా, బాగుజేస్తవా?” అనేవాడు. ఆయనకూ నిద్ర లేదని వాళ్ల గదివాళ్లు చెప్పారు.

వారం తిరక్కముందే డ్రైవరు ఆఫీసు నుంచి ఒక సంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. అందులో ఆ కాఫీపొడి సీసా, ఖాళీగా, సబ్బుతో కడిగి, మూత విడిగా ఆరబెట్టి ఉంది. దాన్ని చాలాసేపు తిప్పి చూశాను. పరీక్షకు ఒక చెంచాడు చాలు. సీసా మొత్తం ఖాళీ చేసే లేబరేటరీ ఉండదు. చేసినా, కడిగి పంపదు. సంచి అడుగున నా కొత్త ఇఖామా కార్డు ఉంది.

సాయంత్రం క్యాంప్ బాస్ పిలిపించాడు. రిపోర్టు మాట ఎత్తలేదు. తొట్లు ఇంకా ఖాళీగా ఎందుకున్నాయని అడిగాడు. విత్తనాలు లేవన్నాను, పూత రాకముందే పీకేశాం కదా. మీ ఊరి నుంచి తెప్పించు అన్నాడు, సెలవు మీద పోయినవాళ్లు ఉన్నారుగా.

తెప్పిస్తాను కానీ, అవి ఏమిటో విమానాశ్రయంలో అధికారులకు చూపించేలా అరబ్బీలో రాసి, సంతకం పెట్టి, కంపెనీ స్టాంపు వేసి ఇమ్మన్నాను.

ఆయన పెన్ను తీశాడు. కాగితం తీశాడు. మొదటి మాట ఏం రాయాలో, కింద ఎవరి సంతకం ఉంటుందో ఆలోచించాడు. ఆలోచించి పెన్ను మూత పెట్టేశాడు.

“పాలకూర వేసుకో,” అన్నాడు.