మా నానమ్మ వండిన వసీయత్

నా చిన్నప్పుడు గద్వాల వైపు గట్టు దగ్గరున్న మా ఊళ్లో వీలునామా అన్నది మీసాలు తెల్లబడ్డవాళ్ల వ్యవహారం. మంచం పట్టిన ముసలాయన కబురు పెడితే పెద్దమనుషులు వెళ్లి కూర్చునేవారు. వయసులో ఉన్నవాడు ఆ ఊసెత్తితే ఇంట్లో ఆడవాళ్లు వాడి నోరు మూసేవారు. గడప దాటేటప్పుడు 'పోతున్న' అనడమే తప్పు, 'పోయొస్త' అనాలి. అలాంటి ఊళ్లో పాతికేళ్లు నిండని మా నాయన తన వీలునామా చెప్పాడు. అదీ మా నానమ్మ చేత కోడికూర వండించి మరీ చెప్పాడు.

మా అమ్మానాయనలు ఏటా పంట ఇంటికి చేరాక మేస్త్రీ వెంట దూరాన ప్రాజెక్టుల మట్టిపనికి వెళ్లేవారు. నేను నానమ్మ దగ్గర ఉండి బడికి పోయేదాన్ని. ఒక ఏడు పక్క ఊరి మనిషి, మా నాయన ఈడువాడే, పనిలో మట్టిపెళ్ల విరిగిపడి చనిపోయాడు. తన భూమి ఎవరికి, తన పిల్ల ఎవరి దగ్గర పెరగాలి అని ఆయన ఎవరితోనూ ఒక్క ముక్క చెప్పి ఉండలేదు. ఆ వయసులో ఎవరు చెబుతారు! అన్నదమ్ములు ఆ భూమి కోసం తన్నుకుంటుంటే ఆయన భార్య పిల్లను చంకనేసుకుని పుట్టింటికి పోయింది. అది చూసి వచ్చిన మా నాయనకు మనసు మనసులో లేదు. మాకూ పెదనాన్నతో కలిసి కాస్త చెలక భూమి ఉండేది, పంపకాలు కాలేదు. మా నాయనకు నేనొక్కదాన్నే, అందులోనూ ఆడపిల్లను.

ఆ దిగులంతా పక్కింటి దర్జీ చాచా దగ్గర వెళ్లబోసుకున్నాడు. తమలో వీలునామాను వసీయత్ అంటారని, ఆరోగ్యంగా ఉన్నప్పుడే చెప్పిపెట్టుకోవడం మంచిదంటారని చాచా చెప్పాడట. మా నాయనకు ఆ మాట తెగ నచ్చింది. మా నానమ్మకు ఆ మాట తెలియదు కాబట్టి ఇంకా నచ్చింది.

"అమ్మా, పనికి పోకముందు వసీయత్ పెట్టుకుందామనుకుంటున్న" అన్నాడు ఆమెతో.

మా వైపు హిందువులం కూడా దర్గా దగ్గర కందూరు చేస్తాం, మొక్కు చెల్లించి పదిమందికి అన్నం పెడతాం. వసీయత్ కూడా అలాంటి మొక్కే అనుకుంది మా నానమ్మ. "యాటనా, కోడా?" అని అడిగింది. మా నాయన నవ్వు ఆపుకుని "కోడి సాలు" అన్నాడు. ఇక ఆమె సంబరం చూడాలి. వాడంతా తిరిగి "మా సిన్నోడు వసీయత్ పెడుతుండు, అందరు రాండ్రి" అని పిలిచి వచ్చింది. జొన్నరొట్టెలు కొట్టి కొట్టి ఆమె చేతులు ఎర్రబడ్డాయి.

అందరూ కూర్చుని సగం తిన్నాక మా నాయన లేచి నిలబడ్డాడు. ఎంగిలి చేత్తో ఎవరూ లేచి వెళ్లలేరు కదా, అందుకే ఆ సమయం చూసుకున్నాడు.

"జర ఇనుండ్రి. నేను పోయొస్త. రాకున్నా, వచ్చి మంచాన పడ్డా నా మాట గిది. నా పాలు భూమి నా బిడ్డది. అది పెద్దగయ్యేదాంక నా పెండ్లం చూసుకుంటది. ఎవలు కౌలుకియ్యొద్దు. బిడ్డ బడి మానొద్దు. పది పాసయ్యేదాంక దాని పెండ్లి మాట ఎత్తొద్దు. మేకలు మాయమ్మవి."

పెదనాన్న ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "ఏందిరా, మీసాలు నల్లగనే ఉండె, గీ మాటలేంది?" అన్నాడు. "సావు మీసాలు జూసి వస్తదా అన్నా?" అన్నాడు మా నాయన. నానమ్మ గరిటె పారేసి గొల్లుమంది. కొడుకు చావుమాటకు తన చేతులతో వండిపెట్టానని ఏడ్చి, చాచాను కూడా తిట్టింది. చాచా మాత్రం నెమ్మదిగా "పెద్దమ్మా, పరేషాన్ గాకు. చెప్పినోడు జల్ది పోతడని యాడ లేదు. చెప్పకుంట పోతెనే ఇంటోళ్లు ఆగమైతరు" అన్నాడు. మరునాడు మా నాయన గద్వాల వెళ్లి ఆ మాటలు రాయించి సంతకాలు పెట్టించాడు. తాను మంచాన పడితే భూమి సంగతి మా అమ్మే చూడాలని వేరే కాగితం కూడా రాయించాడు.

తర్వాతి ఏడు కాబోలు, పనిలో బండ జారి మా నాయన మీద పడింది. ప్రాణం ఉంది కాని మాట లేదు, మనిషిని గుర్తుపట్టేవాడు కాదు. మా అమ్మ దవాఖానలో ఆయన దగ్గరే ఉండిపోయింది. ఇక్కడ పెదనాన్న ఎవరినో వెంటబెట్టుకుని వచ్చి భూమి మొత్తం కౌలుకిస్తానన్నాడు, నన్ను బడి మాన్పించి మేకల వెంట పంపమన్నాడు. పాపం, ఆయనా చెడ్డవాడు కాదు, ఇల్లు గడవదని భయపడ్డాడు. నేను పలకను గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

మా నానమ్మ మాత్రం కొంగు బిగించి లేచింది.

"ఆనాడు నా కోడికూర తినుకుంట వాని మాట ఇన్నవా, లేదా? తిన్నది కక్కు. గప్పుడు కౌలుకియ్యి!"

వాకిట్లో ఉన్నవాళ్లంతా ఆ కూర తిన్నవాళ్లే. పెదనాన్న తల వంచుకుని, వెంట తెచ్చినవాణ్ని పంపేశాడు. నేను బడికి పోయాను. కొన్ని నెలలకు మా నాయన కుంటుకుంటూ ఇల్లు చేరేసరికి భూమి భూమిలా ఉంది, నేను బళ్లో ఉన్నాను. మరుసటి ఏడు పెదనాన్నే కోళ్లు కొని తన వసీయత్‌కు మమ్మల్ని పిలిచాడు. మా వాడలో చాలాకాలం ఆ మాటకు అర్థం విందు అనే ఉండేది.

నేను పది పాసయ్యాను, ఆపైనా చదివి పంతులమ్మనయ్యాను. ఉద్యోగం వచ్చిన ఏడే, పెళ్లి కాకముందే, నా వీలునామా రాశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే నా మనవరాలు "నాకేముందని రాయాలి నానమ్మా, ఒక స్కూటీ, ఒక ఫోను" అని నవ్వుతుంది. నీకు మాట రాని రోజున నీ తరఫున ఎవరు మాట్లాడాలో అదైనా రాయి అంటాను. మొన్న రాసిందట. ఫోన్‌లో చదివి వినిపిస్తుంటే ఆ పిల్ల గొంతు వణికింది, వింటున్న నాకూ కళ్లు నిండాయి. అప్పుడు అర్థమైంది, అదెంత కష్టమైన మాటో. పాతికేళ్లు నిండని మా నాయన ఆ మాటను ఊరందరి ముందు నిలబడి, నా వైపే చూస్తూ, గొంతు వణక్కుండా చెప్పాడు. నేను ఆయన బిడ్డను.