ఇల్లు విడిచిన తిథి

1966లో సూర్యాపేట నుంచి మిర్యాలగూడ వెళ్లే బస్సులో నా పక్కసీటాయన పింఛను తీసుకున్న సిపాయి. కాల్పుల విరమణను పర్యవేక్షించే అంతర్జాతీయ కమిషన్‌తో వియత్నాంలో ఉండి వచ్చాడట. బర్మా యుద్ధానికి వెళ్లి తిరిగిరాని మా తమ్ముడి సంగతి ఆయనకు చెప్పాను. చనిపోయిన రోజు ఏదో తెలియనందున ఇంట్లో పెద్దవాళ్లు తద్దినం పెట్టనివ్వలేదన్నాను.

"తిథి ఎరుక లేకుంటే అమాస నాడు పెడ్తరు గద అక్కా?"

"అమాస అందరిది. వానికంటూ ఒక దినం ఉండొద్దా?"

"గాడ ఫ్రెంచోళ్ల లడాయిల కొడుకు పోయిన తల్లిని సూసిన. సచ్చిన దినం ఆమెకు గూడ ఎరుక లేదు. కొడుకు ఇల్లు ఇడిసిన దినమే ఏటా అన్నం పెడ్తది."

తమ్ముడు వెళ్లిననాడు నేను అత్తవారింట్లో ఉన్నాను. మిర్యాలగూడలో దిగి, పుట్టింటికి వెళ్లగానే ఆ తిథి ఏదని అమ్మను అడిగాను. పంచాంగం తియ్యకుండానే చెప్పింది.

"మాఘమాసం, శుద్ధ పంచమి. సద్ది గూడ తినక పోయిండు బిడ్డా."

ఆ ఏడు పంచమి నాడు అమ్మ పొద్దు పొడవకముందే వంట మొదలుపెట్టింది.